టేకు నుంచి వేప దాకా: అటవీ వృక్షాల కీటక సమస్యపై ఒక సమీక్ష

అడవిలోని ప్రతి చెట్టునూ ఏదో ఒక పురుగు తింటూనే ఉంటుంది. ఆకును కొరికేవి, బెరడును గీరేవి, మానులోకి తొలుచుకుపోయేవి, లేత చిగురు నుంచి రసం పీల్చేవి, వేరును కోసేవి అన్నీ కలిపి ఒక్క టేకు చెట్టు మీదనే మన దేశంలో వందకు పైగా కీటక జాతులు నమోదయ్యాయి. అయినా టేకు అడవులు వేల ఏళ్లుగా నిలిచే ఉన్నాయి. కాబట్టి చెట్టు మీద పురుగు కనబడడమే సమస్య కాదు. ఏ పురుగు, చెట్టుకు ఏ వయసులో, ఏడాదిలో ఏ నెలలో, ఎంత మేరకు తింటే పెరుగుదల దెబ్బతింటుందో, ఎంత మేరకు తింటే చెట్టు ప్రాణానికే ముప్పు వస్తుందో తేల్చడమే అటవీ కీటకశాస్త్రానికి అసలు ప్రశ్న. వరిలోనో పత్తిలోనో ఈ లెక్క ఒక్క పంటకాలంలో తేలిపోతుంది. కలప చెట్టు కోతకు రావడానికి దశాబ్దాలు పడుతుంది గనుక అడవిలో అదే లెక్క తేలాలంటే ఏళ్ల తరబడి చెట్లను కొలుస్తూ పోవలసి ఉంటుంది, అంతటి ఓపిక గల పరిశోధన దేశంలో చాలా తక్కువగానే జరిగింది.

హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డును శ్రీశైలం రహదారి దాటే చోట, రంగారెడ్డి జిల్లా మహేశ్వరం ప్రాంతంలో ఉన్న తుక్కుగూడ పరిసరాలు ఈ ప్రశ్నను పరిశీలించడానికి అనువైన చోటు. ఇక్కడి సహజ వృక్షసంపద దక్కన్ మెట్టనేలల పొడి ఆకురాల్చు అడవికీ ముళ్లపొదలకూ చెందినది. తుమ్మ, చండ్ర, మోదుగ, రేల, సీతాఫలం, వేప దానిలో ప్రధానం. ఆ సహజ వనానికి ఆనుకునే, రోడ్ల వెంట, లేఅవుట్లలో, పార్కుల్లో మనిషి నాటిన చెట్లు కొన్నేళ్లలో విపరీతంగా పెరిగాయి. 2015 జూలై 3న చిలుకూరులో ప్రారంభమైన ‘తెలంగాణకు హరితహారం’ అనే మొక్కల పెంపకం కార్యక్రమం ఆ వేగాన్ని పెంచింది. అడవి చెట్టు, తోట చెట్టు, వీధి చెట్టు ఇలా ఒకదానికొకటి ఆనుకొని ఉన్నప్పుడు పురుగు వాటి మధ్య హద్దులను పాటించదు, కాని వాటిని చూసుకునే శాఖలు మాత్రం వేరువేరుగా ఉంటాయి.

భారత అటవీ కీటకశాస్త్రానికి పునాది బ్రిటిష్ హయాంలో పడింది. 1906లో డెహ్రాడూన్‌లో ఏర్పడిన అటవీ పరిశోధన సంస్థలో కీటక విభాగం మొదటి నుంచీ ఉంది. ఇ.పి. స్టెబ్బింగ్ 1914లో ఆర్థిక ప్రాముఖ్యం గల అటవీ పెంకుపురుగులపై పెద్ద గ్రంథం వెలువరించాడు, సి.ఎఫ్.సి. బీసన్ 1941లో భారతదేశపు, పొరుగు దేశాల అటవీ కీటకాల జీవావరణంపైనా నియంత్రణపైనా ప్రచురించిన పుస్తకం నేటికీ ఈ రంగంలో తొలి ఆకరంగానే ఉంది. ఏ చెట్టు మీద ఏ పురుగు ఉంటుంది, దాని జీవితచక్రం ఏమిటి, దాన్ని తినే మిత్రపురుగులు ఏవి అన్న జాబితాలను ఆ తరం శాస్త్రజ్ఞులు అసాధారణమైన శ్రద్ధతో తయారుచేశారు. అయితే పురుగు వల్ల కలిగే నష్టం ఎంత అన్న కొలత దగ్గర ఆ తరం పని చాలావరకు అంచనాల దగ్గరే ఆగింది.

ఆ లోటును తీర్చిన పని కేరళలో జరిగింది. త్రిశ్శూర్ జిల్లా పీచిలో 1975లో ఏర్పడిన కేరళ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసి, తర్వాత దానికి డైరెక్టరు కూడా అయిన డాక్టర్ కె.ఎస్.ఎస్. నాయర్ తన సహచరులతో కలిసి నీలంబూరు టేకు తోటలను ప్రయోగశాలగా చేసుకున్నాడు. 1840లలో మలబారు కలెక్టరు కానలీ హయాంలో టేకును తోటగా పెంచడం మొదలైన చోటు నీలంబూరు. అక్కడ టేకును ఏటా పీడించేది హైబ్లియా ప్యూరా అనే రెక్కల పురుగు. దాని గొంగళి లేత టేకు ఆకును ఈనెలు తప్ప మొత్తం తినేస్తుంది. తొలకరి జల్లులకు టేకు చిగురు వేసే సమయానికే తల్లి పురుగులు గుంపులుగా వచ్చి వాలతాయి, ఒక్కొక్కటి వందల కొద్దీ గుడ్లు పెడుతుంది, గొంగళి రెండు వారాలలోపే ఐదు దశలు దాటి, దారం సాయంతో నేలకు దిగి రాలిన ఆకుల్లో ప్యూపాగా మారుతుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా మొత్తం మూడు వారాలు. ఉధృతి తొలుత తోటలో అక్కడక్కడ చిన్న చిన్న మచ్చలుగా మొదలై, తర్వాతి తరాలలో వందల హెక్టార్లకు వ్యాపిస్తుందని, కనుక ఆ తొలి కేంద్రాలను గుర్తించగలిగితేనే నియంత్రణకు అర్థముంటుందని నాయర్ బృందం చూపింది.

నాయర్ వేసిన ప్రధాన ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది: ఆకంతా పోయినా టేకు చెట్టు చావదు, కొన్ని వారాల్లో మళ్లీ చిగురిస్తుంది, అటువంటప్పుడు నష్టం ఉన్నట్టా, లేనట్టా? ఈ ప్రశ్నకు సమాధానంగా నాలుగేళ్ల వయసు తోటలో కొన్ని చెట్లను ఐదేళ్ల పాటు పురుగు సోకకుండా కాపాడి, మిగిలిన వాటిని వదిలేసి, రెండింటి పెరుగుదలనూ కొలిచారు. 1985లో ప్రచురితమైన ఫలితం ప్రకారం కాపాడిన చెట్లు హెక్టారుకు ఏటా 6.7 ఘనపు మీటర్ల కలప పెంచితే, పురుగు తిన్నవి 3.7 ఘనపు మీటర్లే పెంచాయి. అంటే రావలసిన కలపలో 44 శాతం పురుగు పాలైంది. చెట్టు పచ్చగా నిలబడి ఉండగానే దాదాపు సగం పెరుగుదల పోతున్నదన్న సంగతి అప్పటి దాకా ఏ అటవీ అధికారి లెక్కలోనూ లేదు. అదే పరిశోధనలో టేకుకు మరో శత్రువుగా పుస్తకాలన్నీ చెప్పే ఆకు జల్లెడ పురుగు వల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా తేలింది. నష్టమున్న చోట ఎంతో చెప్పడం, లేని చోట లేదని చెప్పడం, ఈ రెండూ ఒకే పరిశోధనలో జరగడం దాని విలువను రెట్టింపు చేసింది.

ఈ రెండో ఫలితం తెలంగాణకు నేరుగా పనికివస్తుంది. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల అడవుల టేకు మీద వానాకాలం చివర కనిపించేది ఎక్కువగా ఈ జల్లెడ పురుగే. యూటెక్టోనా మాకరాలిస్ అని శాస్త్రీయ నామం గల దీని గొంగళి ముదురు ఆకు పచ్చదనాన్ని మాత్రమే గీరి తిని, సన్నని ఈనెల అల్లికను అలాగే వదిలేస్తుంది. దూరం నుంచి చూస్తే కొండవాలు మొత్తం కాలిపోయినట్టు గోధుమరంగులో కనబడుతుంది, దగ్గరికి వెళ్లి ఆకును ఎత్తి వెలుతురుకు పట్టుకుంటే అవతలి వైపు స్పష్టంగా కనిపిస్తుంది. చూడడానికి భయం గొలిపే ఈ దృశ్యం, చెట్టు ఆ ఏటి పెరుగుదలను చాలావరకు ముగించి ఆకు రాల్చడానికి సిద్ధమయ్యే రోజుల్లో వస్తుంది గనుక, నష్టం ఆ దృశ్యమంత పెద్దది కాదు. కళ్లకు కనబడే తీవ్రతకూ కలపలో తేలే నష్టానికీ పొంతన ఉండనవసరం లేదు. పత్రికల్లో వచ్చే ‘అడవి ఎండిపోతోంది’ వంటి వార్తలను చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. అయితే కేరళలో తేలిన ఫలితాన్ని గోదావరి తీరపు పొడి అడవికి యథాతథంగా అన్వయించడం కూడా తొందరపాటే. వర్షపాతం, చిగురు వేసే కాలం, చెట్ల వయసు ఇక్కడ వేరు గనుక ఇక్కడి చెట్లను ఇక్కడే కొలవాలి.

నియంత్రణ విషయంలోనూ నాయర్ బృందం పాత నమ్మకాలను పరీక్షకు పెట్టింది. టేకు తోటల మధ్య సహజ అడవి పట్టీలు వదలాలని, మిత్రపురుగులకు ఆశ్రయమిచ్చే పొదలను పెంచాలని, పీడపురుగుకు ఆశ్రయమిచ్చే వాటిని తొలగించాలని బీసన్ కాలంలో ఒక పథకం రూపొందింది. వినడానికి ఎంతో సమంజసంగా ఉన్న ఈ పథకం దశాబ్దాల పాటు పుస్తకాల్లో ఉటంకింపులకు నోచుకుంది గాని, క్షేత్రంలో పనిచేస్తుందా లేదా అని పరీక్షించిన వారు లేరు. గుంపులుగా ఎక్కడి నుంచో వచ్చి వాలే పురుగును తోటలోని మిత్రపురుగులు సకాలంలో అదుపు చేయలేవని నాయర్ వాదించాడు. దానికి బదులుగా అదే సంస్థలో వి.వి. సుధీంద్రకుమార్ తదితరులు, ఈ గొంగళికి మాత్రమే సోకే ఒక వైరస్‌ను 1980ల చివర వెలికితీశారు. వైరస్ సోకిన గొంగళి శరీరం ద్రవంగా మారి ఆకు అంచున వేలాడుతూ పగిలి, లెక్కలేనన్ని వైరస్ కణాలను ఆకుల మీద చిందిస్తుంది. వాటిని నీళ్లలో కలిపి తొలి దశ గొంగళుల మీద చల్లితే, వేరే ఏ జీవికీ హాని లేకుండా ఉధృతి తగ్గుతుంది. అయినా సకాలంలో ఉధృతిని పసిగట్టే కాపలా లేకపోతే ఇదీ ఉపయోగపడదు. పెద్ద గొంగళుల మీద చల్లేసరికి అవి తినవలసిన ఆకు తినేసి ఉంటాయి.

ఒకే జాతి చెట్లను బారులు తీర్చి నాటడమే పురుగుల విజృంభణకు మూలమని, పరదేశపు చెట్లయితే మరీ ప్రమాదమని ఒక అభిప్రాయం పర్యావరణ రచనల్లో బలంగా నాటుకుంది. నాయర్ 2001లో అంతర్జాతీయ అటవీ పరిశోధన కేంద్రం కోసం ఉష్ణమండల తోటలన్నిటి అనుభవాన్నీ సమీక్షించి, పరదేశపు జాతి అయినంత మాత్రాన ప్రమాదం ఎక్కువ అనడానికి ఆధారం లేదని, టేకు వంటి స్వదేశీ చెట్లే సొంత గడ్డ మీద ఎక్కువ పీడ ఎదుర్కొంటున్నాయని తేల్చాడు. ఉష్ణమండలపు అటవీ కీటకాలపై ఆయన 2007లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా తెచ్చిన గ్రంథంలోనూ ఈ చర్చ విస్తారంగా ఉంది. ఈ తీర్పులో చాలా నిజం ఉంది. కాని దానికి తెలుగు నేల అనుభవం ఒక సవరణ చేర్చుతుంది. పరదేశపు చెట్టు తన పురుగులను పుట్టినచోట వదిలి వచ్చినంత కాలం సుఖంగా ఉంటుంది, ఆ పురుగు వెతుక్కుంటూ వచ్చిన రోజున, దాన్ని తినే మిత్రపురుగు వెంట రాకపోతే, చెట్టుకు రక్షణ ఉండదు.

సుబాబుల్ చరిత్ర ఇందుకు మొదటి ఉదాహరణ. మధ్య అమెరికాకు చెందిన ఈ చెట్టును పశుగ్రాసానికీ కాగితపు గుజ్జుకూ కోస్తా జిల్లాల రైతులు విస్తారంగా వేశారు. హెటిరోసిల్లా క్యూబానా అనే చిన్న రసం పీల్చే పురుగు 1984లో హవాయి చేరి, ఆసియా దీవుల మీదుగా 1988కల్లా భారతదేశంలో అడుగుపెట్టి లేత కొమ్మలను మాడ్చింది. ఆ పురుగును తినే ఒక అక్షింతల పురుగును థాయిలాండ్ నుంచి అదే ఏడాది తెప్పించి వదిలారు, కాలక్రమంలో ఉధృతి తగ్గింది. జామాయిల్ కథ మరింత తీవ్రమైనది. భద్రాచలం కాగితపు మిల్లు 1989 నుంచి ఎంపిక చేసిన మేలైన చెట్ల కొమ్మలతో క్లోన్లు తయారుచేసి ఖమ్మం, కోస్తా రైతులకు ఇస్తూ వచ్చింది. ఒక క్లోన్ అంటే ఒకే తల్లి చెట్టుకు అచ్చమైన నకళ్లు, అందుకే కలప ఒకే తీరుగా, దిగుబడి ఎక్కువగా వస్తుంది. ఆస్ట్రేలియా మూలానికి చెందిన, మిల్లీమీటరుకు కొంచెం మించిన లెప్టోసైబ్ ఇన్వేసా అనే కందిరీగ 2000 ప్రాంతంలో మధ్యధరా దేశాల్లో బయటపడి, ఆ దశాబ్దంలోనే దక్షిణ భారతానికి చేరింది. అది లేత ఆకు కాడలో, నడి ఈనెలో గుడ్లు పెడితే ఆ చోట బుడిపెలు కట్టి, కొమ్మ మెలితిరిగి, పిలక ఎదగడం ఆగిపోతుంది. అన్ని క్లోన్లూ ఒకే మోతాదులో దెబ్బతినలేదు. కొన్ని తట్టుకున్నాయి, కొన్ని పూర్తిగా కుంగిపోయాయి, ఏది నాటారన్న దాని మీదే రైతు అదృష్టం ఆధారపడింది. బెంగళూరులోని జాతీయ కీటక వనరుల సంస్థ ఇజ్రాయెల్ నుంచి తెప్పించి వదిలిన క్వాడ్రాస్టికస్ మెండెలి అనే పరాన్నభుక్కు, అంటే ఆ కందిరీగ పిల్లపురుగు మీద గుడ్లు పెట్టి దాన్ని చంపే మరో సూక్ష్మ కందిరీగ, ఇప్పుడు ఉధృతిని చాలావరకు కట్టడి చేస్తోంది. క్లోన్ల సంఖ్య పెంచి కలిపి నాటమని రైతుకు చెప్పడం తేలిక; మిల్లు ఒకే రకం కలపకు మంచి ధర ఇస్తున్నంత కాలం ఆ సలహా అమలు కావడం కష్టం.

చెట్టును నిలువునా చంపగల పురుగులు అడవిలో కొద్దే. వాటిలో గుగ్గిలం చెట్టును, అంటే సాల వృక్షాన్ని తొలిచే హాప్లోసెరాంబిక్స్ స్పైనికార్నిస్ ముఖ్యమైనది; మధ్యప్రదేశ్‌లో 1923–28 మధ్య సుమారు 70 లక్షల చెట్లు, 1990ల చివరి విజృంభణలో 30 లక్షలకు పైగా చెట్లు దీనికి బలయ్యాయి. పచ్చి సాల దుంగ రసం వాసనకు ఈ పెంకుపురుగులు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి గనుక, ఎరగా కొన్ని చెట్లు కొట్టి, రసం తాగి మందకొడిగా పడి ఉన్న పురుగులను కూలీల చేత ఏరించి చంపించడం నేటికీ ప్రధాన పద్ధతి. సాల అడవికి దక్షిణపు అంచు ఉత్తరాంధ్ర కొండల్లో ఉంది కనుక ఈ సమస్య తెలుగు నేలకు పూర్తిగా పరాయిది కాదు.

తుక్కుగూడ నుంచి చూసినప్పుడు మాత్రం ఈ దశాబ్దపు ప్రధాన సమస్య వేప. 2021 వానాకాలంలో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు చివరల నుంచి ఎండడం మొదలై, కొద్ది వారాల్లో రోడ్ల వెంట, పొలం గట్ల మీద, ఇళ్ల ముందర ఉన్న వేపలన్నీ తుప్పురంగుకు తిరిగాయి. తర్వాతి ఏళ్లలోనూ అది మళ్లీ మళ్లీ కనిపించింది. పంటచేలకు పురుగుమందు ఇచ్చే చెట్టుకే పురుగు పట్టిందన్న ఆందోళన జనంలో కలగడం సహజం. వేపలో కీటకాలను నిలువరించే అజాడిరాక్టిన్ ప్రధానంగా గింజలో ఉంటుంది. అది ఆకును కొరికి తినే మిడతల వంటి వాటి మీద బలంగా పనిచేస్తుంది, చిగురులోకి సన్నని ముక్కు గుచ్చి రసం పీల్చే పురుగును అంతగా ఆపలేదు. చాద్ సరస్సు పరిసర దేశాల్లో 1980లలో పొలుసు పురుగు వేల వేపచెట్లను ఎండబెట్టిన అనుభవం ఇంతకు ముందే ఉంది.

ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పరిశీలించి, ఈ ఎండుకు కారణం ఒకటి కాదని, టీ దోమ అనే పురుగు, ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం రెండూ కలిసి ఈ పని చేస్తున్నాయని చెప్పారు. పేరులో దోమ ఉన్నా ఇది దోమ కాదు, నల్లి జాతికి చెందిన సన్నని, పొడవు కాళ్ల పురుగు. భుజాల మధ్య గుండుసూదిలా నిలబడిన చిన్న కొమ్ము దీన్ని గుర్తుపట్టడానికి తిరుగులేని ఆనవాలు. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా జీడిమామిడి రైతుకు ఇది పాత శత్రువే. తల్లి పురుగు లేత కాడ లోపల గుడ్డు దూర్చితే, దాని కొసన ఉండే వెంట్రుకల వంటి రెండు పోగులు మాత్రమే బయటకు కనిపిస్తాయి. పిల్ల పురుగులూ పెద్దవీ చిగురులో ముక్కు గుచ్చి లాలాజలాన్ని ఎక్కిస్తాయి. గంటల్లో ఆ చోట నీరుకారిన మచ్చ పడుతుంది, మచ్చ నల్లబడి జిగురు కారుతుంది, మచ్చలన్నీ కలిసి చిగురు వాలిపోతుంది. ఈ గాయమే శిలీంధ్రానికి ద్వారం. 1990లలో వేపల మీద గుర్తించి 1997లో శాస్త్రీయంగా నామకరణం చేసిన ఆ శిలీంధ్రం వానచినుకుల తుంపరలతో కొమ్మ నుంచి కొమ్మకు, గింజ ద్వారా తరం నుంచి తరానికి వెళ్తుంది. అది పట్టిన చెట్టు ఆ ఏడు కాయడం దాదాపు మానేస్తుంది.

ఈ జంట దాడిలో ఎవరి వాటా ఎంత అన్నది తేల్చవలసిన ప్రశ్న. పురుగు గాయం లేకుండా శిలీంధ్రం ఎంత మేరకు చెట్టులోకి చొరబడగలదు, శిలీంధ్రం లేకపోతే పురుగు పట్టిన కొమ్మ ఎన్ని రోజుల్లో తేరుకుంటుంది అన్నవి నీలంబూరులో చేసినట్టు కొన్ని చెట్లను కాపాడి, కొన్నింటిని వదిలేసి, ఏళ్ల తరబడి కొలిస్తేనే తెలుస్తాయి. అంతవరకూ మందుల సిఫారసు ఎంతటి సదుద్దేశంతో ఇచ్చినా నర్సరీ మొక్కకూ చిన్న చెట్టుకూ పరిమితం కావలసిందే. నలభై అడుగుల వేపకు, అందులోనూ ఇళ్ల మధ్య, బడి ఆవరణలో, చెరువు గట్టున ఉన్న చెట్టుకు పురుగుమందు పిచికారీ చేయడం ఆచరణలో కుదిరే పని కాదు, క్షేమమూ కాదు. వేప పూల మీదికి వచ్చే తేనెటీగలకూ, టీ దోమ గుడ్లను నాశనం చేసే సూక్ష్మ పరాన్నభుక్కులకూ, సాలీళ్లకూ అది ముందుగా చేటు చేస్తుంది. జీడిమామిడిలో ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు టీ దోమను బాగా తగ్గిస్తాయని తెలుసు. అవి వేపకు ఎంత మేలు చేయగలవో ఇక్కడే చూడదగిన విషయం.

మిగిలిన సమస్యలు స్థానికంగా తీవ్రమైనవే అయినా స్వభావంలో సరళమైనవి. హరితహారం మొక్కలలో తొలి రెండేళ్లలో చనిపోయేవాటిలో కొంత భాగం చెదలు, వేరుపురుగుల వల్ల పోతుంది. బాగా మాగని పశువుల ఎరువును గుంతలో వేయకపోవడమే ఇందుకు మొదటి జాగ్రత్త. సర్వి, ఉసిరి, జామ మానుల మీద పట్టుదారంతో అల్లిన రంపపుపొట్టు పట్టీలు కనబడితే అది బెరడు తినే గొంగళి పని. పగలు మాను కన్నంలో దాక్కొని, రాత్రి ఆ పట్టీ చాటున తిరుగుతూ బెరడు తింటుంది, పట్టీని తుడిచి కన్నంలో ఇనుప తీగ దూర్చితే చాలు. మెట్టభూముల్లో ఇటీవల విరివిగా నాటుతున్న శ్రీగంధానికి మాత్రం కాండం తొలిచే పురుగులు పెద్ద ముప్పు. చేవ దొరకడానికి పదిహేనేళ్లకు పైగా ఆగే రైతు ఆ చేవలోనే సొరంగాలు చూడవలసి వస్తుంది, దీని మీద బెంగళూరు చెక్క పరిశోధన సంస్థ చేస్తున్న పని తెలుగు రైతులకు ఇంకా తగినంత చేరలేదు.

హైదరాబాదు శివారు దూలపల్లిలో 2012లో జాతీయ స్థాయి సంస్థగా మారిన అటవీ జీవవైవిధ్య సంస్థ, సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల, రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం మూడూ తుక్కుగూడకు రెండు గంటల ప్రయాణంలోపే ఉన్నాయి. నిపుణులూ ప్రయోగశాలలూ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, గుర్తు వేసిన చెట్ల మీద ఏడాది పొడవునా నెలనెలా చిగురు, పురుగు, ఎండు, చుట్టుకొలత నమోదు చేసే స్థిర పరిశీలన క్షేత్రాలు ఈ పొడి అడవుల్లో నెలకొల్పడం ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి విజృంభణ తర్వాత నిపుణుల బృందం వచ్చి, చూసి, సిఫారసు రాసి వెళ్లే పద్ధతి వల్ల తదుపరి విజృంభణను ముందుగా పసిగట్టడం ఎప్పటికీ సాధ్యం కాదు.

ఈ లోపు గ్రామ పంచాయతీలూ, కాలనీ సంఘాలూ, రైతులూ చేయగల పని ఒకటుంది. కొమ్మలు ఎండిన వేపను చచ్చిందనుకొని నరకవద్దు. ఎండిన కొసలను పచ్చి భాగం దాకా కోసి, వాటిని అక్కడే పడేయకుండా కాల్చివేసి, ఆ చెట్టు గింజను నారుకు వాడకుండా, మొదట్లో నీరు అందేలా చూసి వేసవి చిగురు దాకా ఆగితే, ఎక్కువ చెట్లు తిరిగి చిగురిస్తాయి.